తాళం వేసే పిట్ట

"అన్నాలు తయారర్రోయ్! చల్లారిపోయాక నన్ననొద్దు!"

ఆ కేక వీధి చివర పడవల రేవు దాకా వినపడింది. రేవులో తాడు కడుతున్నవాడు తలెత్తి, వీరాయమ్మ గంజి వార్చేసింది, పొద్దు నడినెత్తికొచ్చినట్టే అనుకున్నాడు. ఆ ఊళ్లో గడియారం చూసేవాళ్లు తక్కువ. ఏటి ఒడ్డునున్న ఆసుపత్రిలో వంట చేసే వీరాయమ్మ గొంతే వాళ్ల గడియారం.

కేక అందరికీ వినపడింది. వెళ్లినవాళ్లు మాత్రం లేరు.

ఎలా వెళతారు? ఆసుపత్రి గుమ్మం దగ్గర పెద్ద పంచాయితీ నడుస్తోంది. గుమ్మానికి ఇవతల కావలాయన, చేతులు కట్టుకుని. లోపల గడప మీద నెత్తురు చూసే ఆవిడ, నడుం మీద చేతులు పెట్టుకుని. మధ్యలో కొనుగోళ్లాయన, చంకలో సంచీ, చేతిలో పంజరం. పంజరంలో ఒక గోరువంక.

ఆ ఆసుపత్రిలో పనిచేసేవాళ్లని పేరు పెట్టి పిలిచే అలవాటు లేదు లెండి. ఎవరు చేసే పనే వాళ్ల పేరు. పేరంటూ ఉన్నది వీరాయమ్మ ఒక్కదానికే. ఎందుకంటే ఆవిడ వంట ఒక్కటే చేసేది కాదు. తిట్టేది, బతిమాలేది, తినకపోతే గిన్నె పట్టుకుని వెంటపడేది. ఇన్ని పనులకి ఏ పేరు పెడతారు? అందుకని అసలు పేరే ఉంచేశారు.

నెత్తురు చూడ్డం అంటే ఏమిటో కూడా చెప్పాలి. ఆ కాలంలో దానికి పిట్టలుండేవి. రోగి వేలు మీద సూదితో గుచ్చి, ఒక చుక్క ఆకుదొన్నెలో వేసి పిట్ట ముందు పెడితే, అది ముక్కు ముంచి రుచి చూసి ఫలానా జబ్బు అని చెప్పేది. పెద్ద వైద్యుడు దాన్నిబట్టి మందిచ్చేవాడు. ఆ ఆసుపత్రిలో ఒక ముసలి కొంగ చాలా ఏళ్లు నిజమే చెప్పింది. ఇప్పుడు పాపం దానికి రుచి పోయింది. ఏ చుక్క పెట్టినా "పైత్యం" అంటోంది. పురిటి మనిషికీ పైత్యమే. కాలు విరిగినవాడికీ పైత్యమే.

కొంగ ఎప్పుడైనా ముసలిదవుతుంది, దానికేం గానీ, ఆ యేడు చుట్టుపక్కల ఊళ్లలో ఒక కొత్త జబ్బు తిరుగుతోంది. మనిషి పైకి బాగానే ఉంటాడు. లోపల నెత్తురు పలచబడుతూ ఉంటుంది. ముందే పట్టుకుంటే కషాయంతో పోయే జబ్బు. ఆలస్యమైతే మనిషే పోతాడు. అందుకని కొత్త పిట్ట కావాలని నెత్తురు చూసే ఆవిడ అడిగింది. పెద్ద వైద్యుడు తలూపాడు. కొనుగోళ్లాయన ఏరు దాటి సంతకెళ్లి, ఉన్నవాటిల్లోకెల్లా మంచి గోరువంకని ఎంచి తెచ్చాడు.

ఇంతమంది ఇన్ని మాటలు అనుకున్నారా, పిట్టని కొంటున్నారన్న సంగతి కావలాయనకి తెలిసింది మాత్రం అది గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డాకే.

"నోటికి తాళం ఉందా?" అని అడిగాడు కావలాయన.

"లేదు," అంది గోరువంక.

"ఎవరితో మాట్లాడతావు?"

"మా అమ్మతో. ఏటికి అవతల సంత తోపులో ఉంటుంది. పొద్దు గూకేవేళ ఒక కేక వేసి, ఈవేళ ఏ రుచి తగిలిందో చెప్తాను. మా అన్నదమ్ములు తలో ఊళ్లో ఉన్నారు, వాళ్లూ చెప్తారు. అన్నీ విని, ఎక్కడ ఏ కొత్త జబ్బు పుట్టిందో అమ్మ మాకు తిరిగి చెబుతుంది."

"ఆ కేక వెయ్యకపోతే?"

"పాత జబ్బులు మాత్రమే చెప్పగలను."

కావలాయన వెనక్కి తిరిగి నెత్తురు చూసే ఆవిడ వంక చూశాడు. "విన్నావుగా అమ్మాయ్. లోపలి సంగతి రోజూ బయటికి కేకేసి చెప్తుందట. నేనన్నది కాదు, దాని నోటితో అదే ఒప్పుకుంది."

"ఒప్పుకుందంటే మంచిదనే కదా బాబాయ్!"

"చిలక కూడా మంచిదే. ఎంత ముద్దుగా ఉండేది!"

ఆ చిలక కథ ఇదీ. రెండేళ్ల కిందట పళ్లబుట్టతో పాటు ఒక చిలక లోపలికొచ్చింది. రోగులకి కాలక్షేపంగా ఉంటుందని మంచాల మధ్య తిరగనిచ్చారు. అది ఎవరెవరికి ఏ జబ్బో పేర్లతో సహా నేర్చుకుంది. ఒకనాడు పైకెగిరి బజారుకెళ్లి, ఇంటి కప్పు కప్పుకీ వాలి పాట కట్టి పాడింది. ఫలానా వారికి ఫలానా జబ్బహో అని. ఆ పాట విన్న ఊరు కొందరి ఇళ్లలో మంచినీళ్లు తాగడం మానేసింది.

అప్పట్నుంచీ ఆసుపత్రి పెరటి మీద కావలాయన వల కట్టాడు. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా, పిచ్చిక దూరే సందు లేకుండా, ముడి ముడీ తన చేత్తో వేశాడు. గుమ్మం మీద ఒక పలక కూడా తగిలించాడు. "నోటికి తాళం వేసే పిట్టకే లోపలికి దారి" అని.

ఇంతవరకూ ఊరంతా ఎరిగిందే. ఆసుపత్రిలో ఎవరూ ఎరగనిది ఇంకొకటుంది. చిలక పాడిన పేర్లలో కావలాయన చెల్లెలి పేరుంది, అది ఆయన చెల్లెలని అక్కడెవరికీ తెలియదు. ఆ పిల్ల ముందు నూతి దగ్గరికి వెళ్లడం మానేసింది. తర్వాత వాకిట్లోకి రావడం మానేసింది. ఒక తెల్లవారుజామున పడవెక్కి పోయింది, మళ్లీ రాలేదు. చిలక వచ్చిన రోజున గుమ్మంలో ఉన్నది కావలాయనే. దాన్ని చూసి నవ్వి, వెళ్లవే తల్లీ అని పంపిందీ ఆయనే. ఈ సంగతి ఆయన ఎవరితోనూ అనలేదు. వీరాయమ్మకి మాత్రం తెలుసు. ఆ రోజుల్లో వాళ్లింటికి అన్నం మోసుకెళ్లింది ఆవిడే కనక.

"ఏవిట్రా తమ్ముడూ, నా పులుసు కంటే రుచిగా ఉందా మీ దెబ్బలాట?"

వీరాయమ్మే. గరిటె పట్టుకుని వచ్చేసింది. ఎడమచేతి వేలికి గుడ్డపీలిక చుట్టి ఉంది. ఆనపకాయ కోస్తుంటే కత్తిపీట తగిలిందట.

"పిన్నీ, నువ్వైనా చెప్పు. ఇంత మంచి పిట్టని వెనక్కి పంపేస్తానంటున్నాడు," అంది నెత్తురు చూసే ఆవిడ.

"అక్కా, నువ్వు మధ్యలో రాకు," అన్నాడు కావలాయన.

గోరువంక ఈ గొడవేం పట్టించుకోలేదు. మెడ వంచి గుడ్డపీలిక మీది ఎర్ర మరక వంకే చూస్తోంది. "అమ్మా, ఏదీ ఆ వేలు?" అంది.

"చూడవే చూడు. నా నెత్తుట్లో ఏముంటుంది, ఇంత చింతపండు తప్ప!" అని నవ్వుతూ వీరాయమ్మ పీలిక విప్పబోయింది.

కావలాయన భుజం మీది తువ్వాలు తీసి పంజరం మీద కప్పేశాడు. "ప్రశ్నలు తేలేదాకా ఏదీ దాని నోటికి అందకూడదక్కా."

వీరాయమ్మ వేలు వెనక్కి తీసుకుంది. ఆవిడకేం కోపం రాలేదు. "సరేలేరా. ముందు అందరూ వచ్చి ఒక పంక్తిలో కూచోండి. తినేటప్పుడు మనిషి నోరు మెత్తబడుద్ది. నీ కడుపులో మాట నువ్వు చెప్దువు, దాని కడుపులో మాట అది చెప్తుంది."

"గుమ్మం వదిలి ఎట్లా రాను?"

"దొన్నెలు ఎండిపోతాయి పిన్నీ."

"పడవ పోతుంది వీరాయమ్మా, ఈ పిట్టని ఇవాళే అప్పచెప్పాలి," అన్నాడు కొనుగోళ్లాయన.

ఆవిడ గరిటెతో ముగ్గుర్నీ చూపించి, "మీకు పెళ్లి భోజనమైనా సరే నిలబెట్టే పెట్టాలి," అని వెళ్లిపోయింది. కాసేపటికి ఒక కంచం గుమ్మానికొచ్చింది. ఒక కంచం నెత్తురు గదికెళ్లింది. ఒక మూట, గోరువంక పంజరంతో పాటు తిరిగి పడవెక్కింది. ముగ్గురూ ఒకే కూర తిన్నారు, మూడు చోట్ల.

మర్నాడు నెత్తురు చూసే ఆవిడ కొనుగోళ్లాయన్ని పిలిచి, విసుగ్గా చెప్పింది. "పలక మీద ఉన్నట్టే తెచ్చెయ్. నోటికి తాళం వేసే పిట్ట. ఇంకేం చెప్పను?"

నిజానికి చెప్పాల్సింది ఇంకా ఉంది. జబ్బు చెప్పే పిట్ట అని చెప్పాలి. అది వేరే చెప్పాలా అనుకుంది.

కొనుగోళ్లాయన మంచివాడే. విన్నమాట మర్చిపోకూడదని దారి పొడుగునా వల్లించుకునేవాడు. రేవు దాకా "నోటికి తాళం వేసే పిట్ట, నోటికి తాళం వేసే పిట్ట" అని నడిచాడు. పడవెక్కాడు. తెడ్డు ఒక పక్క, అల ఒక పక్క, ఊపు వచ్చింది. ఊపుతో పాటు మాట కూడా కాస్త ఊగింది. అవతలి ఒడ్డుకి చేరేసరికి అది "నోటితో తాళం వేసే పిట్ట" అయింది. కి పోయి తో వచ్చింది, అంతే. ఆయనకేం తేడా తెలీలేదు. మీకైనా ఏటి మధ్యలో తెలియదు.

సంతలో పిట్టలమ్మేవాడు చెవి గోక్కున్నాడు. "నోటితో తాళమా? ఆదితాళమా, ఏకతాళమా?"

"ఏ తాళమైతేనేం, గట్టిగా వెయ్యాలి. మా కావలాయన ఊరుకోడు."

"గట్టిగా అంటే దీన్ని మించింది లేదు," అని అమ్మేవాడు ఒక వడ్రంగిపిట్టని తీసి చేతికిచ్చాడు. నెత్తిమీద ఎర్రటి కుచ్చు, ఉలిలాంటి ముక్కు. పంజరం పుల్ల మీద టకటక టక, టకటక టక అని వేసింది. కొనుగోళ్లాయన తల దానంతటదే ఊగింది.

గుమ్మం దగ్గర కావలాయన దాన్ని ఎగాదిగా చూశాడు. "ఇదెక్కడి తాళం?"

"వేస్తోందిగా! వినండి," అన్నాడు కొనుగోళ్లాయన.

టకటక టక.

చెల్లెలు పోయాక కావలాయన నవ్వడం అదే మొదలు. నవ్వి, తన ప్రశ్నలు తాను అడిగాడు. ఎవరితో మాట్లాడతావు? పిట్ట పలకలేదు. పొద్దు గూకితే ఎవరికి కేకేస్తావు? పలకలేదు. నీ నోటి తాళంచెవి ఎవరి దగ్గరుంది? టక, అంది.

"అసలు మాటే లేని నోటికి తాళం మాత్రం ఎందుకు? ఇది బయటికి ఏదీ చెప్పదు."

"లోపల చెప్తుందంటారా?" అని కొనుగోళ్లాయనకే అనుమానం వచ్చింది.

"అది లోపలివాళ్లు చూసుకుంటారు. నాది గుమ్మం," అని కావలాయన పక్కకి తప్పుకున్నాడు.

నెత్తురు చూసే ఆవిడ పిట్టని చూసి నెత్తి కొట్టుకుంది. "నేనడిగింది ఏమిటి, నువ్వు తెచ్చింది ఏమిటి?"

"తాళం అన్నావు, తెచ్చాను. జబ్బు అని ఒక్క మాటన్నావా తల్లీ?"

ఆ దారినే పోతున్న పెద్ద వైద్యుడు తొంగిచూశాడు. ఆయనకి రోజంతా పరుగే. "వచ్చిందా పిట్ట? భేష్. మొత్తానికి గుమ్మం దాటింది," అని, జవాబు వినకుండానే సాగిపోయాడు. వానలు మొదలయ్యాయి. సంత ఎత్తేశారు. మళ్లీ సంత అంటే ఏరు తగ్గాకే.

అలా వడ్రంగిపిట్ట కొంగ పక్కన చేరింది. చుక్క పెడితే ముక్కు ముంచేది, దొన్నె అంచు మీద తాళం వేసేది. ఒక చుక్కకి నిదానంగా, ఒక చుక్కకి జోరుగా. మొదట్లో అందరూ నవ్వుకున్నారు. తర్వాత రోగులకి అది బాగానే ఉంది, కాళ్లు ఆడిస్తూ వినేవారు. ఆ తర్వాత ఎవరన్నారో తెలీదు, జోరుగా వేస్తే నెత్తురు గట్టిగా ఉన్నట్టు, నిదానంగా వేస్తే కాస్త నీరసం అని ఒక మాట పుట్టింది. చప్పుడంటూ వస్తుంటే దానికో అర్థం లేదని నమ్మడం మనుషులకి కష్టం. కొన్నాళ్లకి పెద్ద వైద్యుడు కూడా, "తాళం ఎలా ఉంది?" అని అడగడం మొదలుపెట్టాడు.

నెత్తురు చూసే ఆవిడకి తెలుసు అది అర్థం లేని చప్పుడని. తెలిసీ దొన్నెలు పెట్టింది. ఏదో ఒకటి పెట్టకపోతే గది మూసెయ్యాలి కదా.

ఆ వానల్లోనే వీరాయమ్మ కేక తగ్గుతూ వచ్చింది.

మొదట రేవు దాకా వినపడ్డం మానేసింది. రేవువాడు వాన హోరు అనుకున్నాడు. తర్వాత వీధి మధ్య దాకానే వచ్చింది. తర్వాత గుమ్మం దాకానే.

"ఏంటక్కా, గొంతు తగ్గించేశావు?" అన్నాడు కావలాయన కంచం అందుకుంటూ.

"ఎంత అరిచినా నువ్వెలాగూ రావు. ఎందుకురా గొంతు చించుకోడం?" అంది. అని, గోడ పట్టుకుని కాసేపు నిలబడి, మళ్లీ పెరట్లోకి నడిచింది. ఆయన ఆ నడక చూశాడు. మోకాళ్ల నొప్పులేమో అనుకున్నాడు.

నెత్తురు చూసే ఆవిడ ఒకనాడు ఆవిడ చెయ్యి పట్టుకుని చూసింది. గోళ్లు తెల్లగా ఉన్నాయి. "పిన్నీ, ఒక చుక్క ఇవ్వు."

"ఇస్తానే. తాళం వేయించుకుందాం, ఈ వయసులో అదొక్కటే తక్కువైంది."

చుక్క దొన్నెలో పడింది. ఎర్రగా లేదు, నీళ్లు కలిపినట్టుంది. వడ్రంగిపిట్ట ముక్కు ముంచింది. టకటకటక టకటకటక అని గది అదిరిపోయేలా వేసింది. తలుపు దగ్గరున్న రోగులు చప్పట్లు కొట్టారు. "వీరాయమ్మ నెత్తురంటే మాటలా! బండరాయి!" అన్నాడు పెద్ద వైద్యుడు సంతోషంగా. వీరాయమ్మ కొంగు బిగించి, కూర మాడిపోతోందని వెళ్లిపోయింది.

అందరూ వెళ్లాక నెత్తురు చూసే ఆవిడ ఆ దొన్నెని ఇంకో ఆకుతో కప్పి, చేతిలో పట్టుకుని గుమ్మం దాకా నడిచింది. ఏరు ఇంకా దాటే వీలుంది. ఆ చుక్కని అవతలి ఒడ్డుకి పంపి, గోరువంక ముక్కు కింద పెట్టిస్తే చాలు. కావలాయన గుమ్మం పక్కనే పెరటి గోడకి నిచ్చెన వేసుకుని ఎక్కి ఉన్నాడు. గాలికి వదులైన వల ముడిని బిగిస్తున్నాడు.

"ఏమ్మాయ్?"

ఆవిడ ఆ ముడి వంక చూసింది. పిట్టనే రానివ్వనివాడు నెత్తుటిచుక్కని బయటికి పోనిస్తాడా అనుకుంది.

"ఏం లేదు బాబాయ్. గాలి బాగా వేస్తోంది."

"వేస్తోంది. ముడులన్నీ వదులవుతున్నాయి."

ఆవిడ వెనక్కి వెళ్లిపోయింది. దొన్నెలో చుక్క ఎండిపోయింది.

ఇంకొన్నాళ్లకి ఒక మధ్యాహ్నం కేక వినపడలేదు. రేవులో కాదు, వీధిలో కాదు, గుమ్మంలోనూ కాదు. ఆకలి మాత్రం వేళకే వేసింది అందరికీ. చాలాసేపటికి కావలాయన గుమ్మం వదిలి పెరట్లోకి పరిగెత్తాడు. తలుపు వెయ్యకుండా గుమ్మం వదలడం ఆయనకి అదే మొదటిసారి. పొయ్యిలో నిప్పు ఇంకా ఉంది. వీరాయమ్మ పొయ్యి పక్క గోడకి జారగిలబడి, బియ్యం చేట ఒళ్లో పెట్టుకుని, రాళ్లేరుతున్నట్టే ఉంది.

వాన తెరిపిచ్చాక అవతలి ఒడ్డు నుంచి వచ్చిన పడవవాడు ఊరి కబుర్లు చెప్పాడు. గోరువంకని పక్క ఊరి ఆసుపత్రి తీసుకుందట. ఆ కొత్త జబ్బుని అక్కడ ముందే పట్టేస్తోందట. కషాయం తాగి అందరూ లేచి తిరుగుతున్నారట. అతను సంతోషంగా చెప్పాడు పాపం, ఇక్కడి సంగతి తెలియక.

వీరాయమ్మకి వెనకా ముందూ ఎవరూ లేరు. పెద్దదినం ఆసుపత్రివాళ్లే చేశారు. కర్మకి కావలాయన కూచున్నాడు. ఆవిడ పొయ్యి పక్కనే పెరట్లో పొట్టిగోడ మీద పిండం పెట్టి, అందరూ దూరంగా నిలబడ్డారు. కాకి ముట్టాలి. ముడితే పోయిన మనిషికి తృప్తి కలిగినట్టు. అప్పుడే తక్కినవాళ్లు విస్తళ్ల ముందు కూచోవాలి.

కాకి ముట్టలేదు.

"ఏదో కోరిక ఉండిపోయింది ఆవిడకి," అన్నాడు పెద్ద వైద్యుడు. చేతులు జోడించి, "వీరాయమ్మా, రోగుల అన్నంలో నీళ్ల పులుసు పోయించను. నీ వంటలాగే చేయిస్తాను," అన్నాడు. కాకి రాలేదు.

కొనుగోళ్లాయన ముందుకొచ్చాడు. "అమ్మా, చెప్పిన మాట ఇకనుంచి రెండుసార్లు అడిగి వెళతాను. ఎందుక్కావాలో కూడా అడుగుతాను." కాకి రాలేదు.

నెత్తురు చూసే ఆవిడ ఏమీ మొక్కుకోలేకపోయింది.

ఆకలికి చంటివాళ్లు ఏడుపు మొదలెట్టారు. అన్నం మీద ఆవిరి తగ్గిపోతోంది. ఎక్కడో కాకి అరుస్తూనే ఉంది, కావ్ కావ్ అని, దగ్గర్లోనే. అందరూ గోడల మీద వెతికారు, చూరు మీద వెతికారు. చివరికి కొనుగోళ్లాయన తల పైకెత్తి, గొంతు తగ్గించి అన్నాడు.

"అది వచ్చే ఉంది. పైన వల ఉంది కదా."

అందరూ పైకి చూశారు. వల మీద కాకి. అటు నడిచి ఒక ముడి పొడుస్తోంది, ఇటు నడిచి ఒక ముడి పొడుస్తోంది.

"పిండాన్ని బయట అరుగు మీద పెడదామా?" అన్నారెవరో.

"పిన్ని బయటెక్కడ తింది? ఎప్పుడూ ఈ పొయ్యి పక్కనేగా," అంది నెత్తురు చూసే ఆవిడ.

కావలాయనే వెళ్లి నిచ్చెన తెచ్చుకున్నాడు. తడిబట్టతోనే ఎక్కాడు. వానకి బిగిసిపోయిన ముడి, వేళ్లకి లొంగలేదు. పళ్లతో విప్పాడు. ఒక్క ముడి. రెండు అరచేతులంత కంత పడింది.

కాకి కంత అంచుకి వచ్చి తల వాల్చి చూసింది. కావలాయన నోట అలవాటు మాట వచ్చేసింది. "ఎవరితో మా…" అని ఆగిపోయాడు. కాకి ఆయన చెవి పక్కనుంచే దిగింది. పిండం ముట్టింది. ఒక ముద్ద ముక్కున పట్టుకుని, వచ్చిన కంతలోంచే పైకి లేచి, ఏటి వైపు ఎగిరిపోయింది.

జనం ఊపిరి వదిలి విస్తళ్ల వైపు కదిలారు. కావలాయన మాత్రం నిచ్చెన మీదే ఉన్నాడు. కంత అంచు మీద చెయ్యి ఉంది. కింద నెత్తురు చూసే ఆవిడ నిచ్చెన పట్టుకుని ఉంది.

"బాబాయ్, దిగు."

"ఇంత కంతే కదమ్మాయ్ దానిక్కావల్సింది."

ఏ పిట్ట సంగతో ఆవిడ అడగలేదు. "గోరువంకకి పేర్లు తెలియవు బాబాయ్. దొన్నె మీద పేరుండదు. దానికి చుక్కలే తెలుసు. చిలకంటే మంచాల పక్కన తిరిగింది."

"ఆ ముక్క ఆ రోజే చెప్పొద్దూ?"

"నువ్వడగలేదు."

"దొన్నె పట్టుకుని గుమ్మం దాకా వచ్చి కూడా ఏం లేదన్నావు."

ఆవిడ తల వంచుకుంది. చూశాడన్నమాట.

ఆయనే అన్నాడు, పై నుంచి, ఆవిడ వంక చూడకుండా. "చిలక పాడిన పేర్లలో మా చెల్లి పేరుంది."

"నాకెవరూ చెప్పలేదు బాబాయ్."

"నేను చెప్పందే ఎవరు చెప్తారు."

ఇద్దరూ పొయ్యి వంక చూశారు. చెప్పగలిగిన మనిషి ఒకత్తె ఉండేది. ఆవిడ ఎవరి గుట్టూ బయటపెట్టలేదు. కూచోండి, అని మాత్రం రోజూ అరిచింది.

"మళ్లీ ముడి వేసేస్తావా?" అని అడిగింది నెత్తురు చూసే ఆవిడ.

"ఉండనీ. దాని కింద నేను కూచుంటాలే."

ఆయన దిగి వెళ్లి గుమ్మం తలుపులు దగ్గరికి లాగి, గడియ పెట్టి వచ్చాడు. పంక్తిలో నెత్తురు చూసే ఆవిడ పక్కన ఒక విస్తరి ఖాళీగా ఉంటే అక్కడ కూచున్నాడు. ఇవతల కొనుగోళ్లాయన. ఎదురుగా రోగులు, రేవువాడు. పెద్ద వైద్యుడు వడ్డించాడు, చేతులు కాల్చుకుంటూ, పప్పు విస్తరి దాటి పోస్తూ. గదిలోంచి వడ్రంగిపిట్ట తాళం వినపడుతూనే ఉంది.

వడ్డన అయిపోయింది. ఎవరూ చెయ్యి పెట్టలేదు. దేనికోసం చూస్తున్నారో పక్కవాడికి తెలియకూడదన్నట్టు ఎవరి విస్తరి వంక వాళ్లు చూసుకుంటున్నారు.

చివరికి నెత్తురు చూసే ఆవిడ, పక్కనున్న ఒక్క మనిషికే వినపడేంత గొంతుతో అంది.

"చల్లారిపోతోంది బాబాయ్."

కావలాయన అన్నం కలిపాడు. అందరూ కలిపారు.